అక్షరాల తెరపై ఆపరేటరుకు దారి: షెల్ స్క్రిప్టుతో మెనూల నిర్మాణం

కంప్యూటర్ అనగానే నేడు మన మనస్సులో మెదిలేవి రంగురంగుల బొమ్మలు, మౌస్, వేలితో జరిపే తెర. అయితే మన వంటి సంస్థలలో జీతాల పట్టికలు, స్టోర్సు లెక్కలు, యంత్రాల రీడింగులు భద్రపరచే సర్వర్లలో చాలావాటికి ఈ హంగులేవీ ఉండవు. ఎక్కడో ఒక గదిలో, తెర కూడా లేకుండా, అవి రాత్రింబగళ్ళు పనిచేస్తూ ఉంటాయి. దూరం నుండి వాటితో మాట్లాడవలసిన ఉద్యోగికి లభించేది నల్లని తెర, దానిపై మినుకుమినుకుమనే ఒక చిన్న గుర్తు. ఆ తెర ఏమీ అడగదు, ఏమీ చెప్పదు. ఆదేశం తెలిసినవారికి అది వశమవుతుంది. తెలియనివారికి అది మూసిన తలుపు.

ఆ తలుపునకు ఒక గడియ, దానిపై నాలుగు తెలుగు మాటలు అమర్చే విద్యను గురించి ఈ వ్యాసంలో ముచ్చటించదలచాము. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ కొనకుండానే, యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో సహజంగా లభించే షెల్ స్క్రిప్టుతో మెనూలు, ప్రశ్నపత్రాలు, హెచ్చరిక పెట్టెలు నిర్మించుకోవచ్చును. ఇంజనీర్లే కాక, మన ఉద్యోగుల ఇళ్ళలో కంప్యూటర్ నేర్చుకుంటున్న పిల్లలు సైతం దీనిని అభ్యసించవచ్చును. పాఠకులకు ఒక మనవి: అచ్చు సౌలభ్యం కొరకు ఆదేశాల పేర్లను తెలుగు లిపిలో ఇస్తున్నాము. యంత్రానికి మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలోనే అందించాలి.

టెలిటైపు నుండి తెర దాకా

యూనిక్స్ వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నది. ఆనాడు కంప్యూటర్‌తో సంభాషించే సాధనం తెర కాదు, టెలిటైపు. 1963లో వచ్చిన 33వ నమూనా టెలిటైపు సెకనుకు 10 అక్షరాల చొప్పున కాగితంపై అచ్చుకొట్టేది. ఆ టెలిటైపు పేరు నుండి పుట్టిన ‘టీటీవై’ అన్న మాట నేటి లినక్స్‌లోనూ నిలిచి ఉన్నది.

కాగితం స్థానంలో గాజు తెర వచ్చిన తరువాత ఒక కొత్త సౌకర్యం కలిగినది. కాగితంపై అచ్చయినదాన్ని చెరపలేము, తెరపై చెరిపి మళ్ళీ వ్రాయవచ్చును. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో విడుదల చేసిన వీటీ 100 టెర్మినల్ ఇందులో మైలురాయి. 24 అడ్డు వరుసలు, ఒక్కొక్క వరుసలో 80 అక్షరాలు దానికి పట్టేవి. ఈ 80 అన్న సంఖ్య 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డు నుండి వారసత్వంగా వచ్చినది. నేటి టెర్మినల్ కిటికీ సాధారణంగా తెరుచుకొనేది కూడా ఈ కొలతలోనే.

తెరపై ఎక్కడ వ్రాయాలో, ఎప్పుడు చెరపాలో చెప్పడానికి వీటీ 100 ప్రత్యేక సంకేతాలను వాడినది. ఆస్కీ పట్టికలో 27వ సంఖ్య గల ఎస్కేప్ సంకేతం, దాని వెంట ఒక చదరపు కుండలీకరణం, ఆ తరువాత కొన్ని అంకెలు, చివర ఒక అక్షరం. ఈ వరుస వచ్చినప్పుడు టెర్మినల్ దానిని అచ్చువేయదు, ఆజ్ఞగా స్వీకరిస్తుంది. నేటి టెర్మినల్ ప్రోగ్రాములు అన్నీ దాదాపుగా ఈ భాషనే మాట్లాడుతున్నాయి.

మన దేశంలో ఈ అక్షరాల తెరను కోట్లాది ప్రజలు పరోక్షంగా ఎరుగుదురు. 1980ల మధ్యలో ఢిల్లీలో ప్రారంభమై, తరువాత సికింద్రాబాద్‌తో సహా అయిదు కేంద్రాలకు విస్తరించిన రైల్వే కంప్యూటర్ రిజర్వేషన్ కౌంటర్లను గుర్తుకు తెచ్చుకోండి. అద్దం వెనుక గుమస్తా మౌస్ తాకకుండా, మీటలు టకటక నొక్కి, క్షణాలలో టికెట్టు చేతికి ఇచ్చేవారు. చక్కగా కూర్చిన అక్షర మెనూకు అలవాటుపడిన చేతి వేగం ఎంతటిదో మనం ఆ క్యూలలో నిలబడి చూసినదే.

షెల్ అనగా నేమి?

వ్యవస్థ లోపలి కేంద్రభాగానికి, మనకు నడుమ ఉండి, మన ఆదేశాన్ని చదివి అమలుచేయించే ప్రోగ్రామును షెల్ అంటారు. 1979లో యూనిక్స్ ఏడవ సంచికతో స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ వెలువడినది. బ్రయాన్ ఫాక్స్ 1989లో గ్నూ సంస్థ కొరకు వ్రాసిన బ్యాష్ దాని వారసురాలు. లినక్స్ యంత్రాలలో నేడు మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ప్రతిదినం చేత్తో ఇచ్చే ఆదేశాలను వరుసగా ఒక ఫైలులో వ్రాసిపెడితే అదే షెల్ స్క్రిప్టు. దానికి ప్రశ్న అడగడం, జవాబు వినడం నేర్పితే అది మెనూ అవుతుంది.

మొదటి మెట్టు: ప్రశ్న, జవాబు

ఆరంభంలో తెరను అలంకరించే ప్రయత్నం అనవసరం. మూడు పనిముట్లు చాలు. తెరపై వ్రాయడానికి ప్రింట్‌ఎఫ్, జవాబు చదవడానికి రీడ్, జవాబును బట్టి దారి మార్చడానికి కేస్. ఈ మూడింటిని వైల్ అనే పునరావృత్తిలో ఉంచితే, పని ముగిసిన ప్రతిసారీ మెనూ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. బ్యాష్‌లో సెలెక్ట్ అనే మరొక సౌకర్యం కలదు. అంశాల జాబితా ఇస్తే అదే వాటికి వరుస సంఖ్యలు వేసి, ఎంపికను మనకు అందిస్తుంది.

ఈ మెట్టులోనే అలవరచుకోవలసిన మూడు నియమాలు ఉన్నాయి. మొదటిది, కేస్‌లో చివరి శాఖగా ‘మరేదైనా వస్తే’ అన్న దారి తప్పక ఉండాలి. ఆపరేటరు 3కు బదులు 33 నొక్కినా ప్రోగ్రాము నెమ్మదిగా మళ్ళీ అడగాలే తప్ప, ముందుకు సాగరాదు. రెండవది, చలరాశుల పేర్లను ఎల్లప్పుడూ జంట ఉద్ధరణ చిహ్నాల నడుమ వాడాలి. లేనిచో ఫైలు పేరులో ఒక ఖాళీ ఉన్నా షెల్ దానిని రెండు పేర్లుగా చీల్చి చూస్తుంది. మూడవది, ఆపరేటరు టైపు చేసిన మాటను ఎవాల్ వంటి ఆదేశానికి ఎన్నడూ అప్పగించరాదు. అలా చేస్తే ఆయన వ్రాసిన మాటే ఆదేశమై అమలవుతుంది.

ఇంట్లో అభ్యాసానికి ఒక చిన్న పనిని సూచిస్తాము. నెలనెలా కరెంటు మీటరు రీడింగు నమోదు చేసి, ఎన్ని యూనిట్లు ఖర్చయినవో చూపే మెనూను పిల్లలచేత వ్రాయించండి. తేదీ, రీడింగు ఒక ఫైలులో చేరుతూ ఉంటాయి. పాత రీడింగు తీసివేస్తే ఖర్చు తెలుస్తుంది. ఇందులో ఒక గమ్మత్తు దాగి ఉన్నది. మీటరుపై 00752 అని కనిపిస్తే పిల్లలు యథాతథంగా అదే టైపు చేస్తారు. సున్నాతో మొదలయ్యే సంఖ్యను బ్యాష్ అష్టాంశ మానంలోనిదిగా భావించి, 752ను 490గా లెక్కకడుతుంది. ఏ హెచ్చరికా ఇవ్వదు. అదే 00847 అయితే 8 అనే అంకె అష్టాంశ మానంలో లేదు కనుక తప్పు అని ఆగిపోతుంది. సంఖ్య ముందు 10, హ్యాష్ గుర్తు చేర్చి, ఇది దశాంశ మానమని స్పష్టం చేస్తే చిక్కు విడిపోతుంది. ఆగిపోయే తప్పు కంటె నిశ్శబ్దంగా సాగిపోయే తప్పు ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క ఉదాహరణతో పిల్లలకు బోధపడుతుంది.

రెండవ మెట్టు: తెరపై చోటు

ప్రశ్నలు ఒకదాని క్రింద ఒకటి పేరుకుంటూ పైకి జరిగిపోతుంటే ఆపరేటరు దృష్టి నిలవదు. శీర్షిక ఎప్పుడూ పైవరుసలో, ఎంపికలు మధ్యలో, సందేశం చివరి వరుసలో స్థిరంగా ఉంటే కన్ను తనంతట తానే అక్కడికి పోతుంది. దీనికి ఉపకరించేది టీపుట్ అనే ఆదేశం.

టెర్మినళ్ళు ఎన్నో రకాలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంకేత సముదాయం. వీటి వివరాలను ఒకచోట చేర్చే పనిని బిల్ జాయ్ టెర్మ్‌క్యాప్ పేరిట 1970ల చివర చేపట్టగా, దాని స్థానంలో టెర్మ్‌ఇన్ఫో అనే నిధి తరువాత వచ్చినది. టీపుట్ ఆ నిధిలో వెదకి, మన ఎదుట ఉన్న టెర్మినల్‌కు తగిన సంకేతాన్నే పంపుతుంది. క్లియర్ అంటే తెర తుడుస్తుంది. బోల్డ్ అంటే అక్షరాలు ముదురుతాయి. కప్ అని చెప్పి రెండు సంఖ్యలిస్తే గుర్తు ఆ అడ్డు వరుసకు, ఆ నిలువు వరుసకు చేరుతుంది. లైన్స్, కాల్స్ అంటే తెర ఎత్తు, వెడల్పు తెలుస్తాయి. ఎస్కేప్ సంకేతాలను నేరుగా వ్రాసేవారు గమనించవలసినది ఒకటున్నది: ఆ భాషలో వరుసల లెక్క 1 నుండి మొదలవుతుంది, టీపుట్‌లో మాత్రం 0 నుండి.

టీపుట్‌ను పిలిచిన ప్రతిసారీ వ్యవస్థ ఒక కొత్త ప్రక్రియను సృష్టించవలసి వస్తుంది. కనుక తరచుగా వాడే సంకేతాలను ఆరంభంలోనే ఒకసారి అడిగి చలరాశులలో దాచుకొని, ఆపై వాటినే అచ్చువేయడం మంచిది. అలాగే తెర మొత్తం మాటిమాటికీ తుడిచి వ్రాయరాదు. 80 నిలువు, 24 అడ్డు వరుసలంటే 1,920 గడులు. సెకనుకు 9,600 బిట్ల పాత తీగపై అక్షరానికి 10 బిట్ల చొప్పున 960 అక్షరాలే ప్రయాణించేవి. నిండు తెర నిండడానికి రెండు సెకన్లు పట్టేది. నేటి తీగలు వేగవంతమైనవే అయినా, మారుమూల కేంద్రంతో అనుసంధానం బలహీనంగా ఉన్న రోజున ఈ పొదుపు ఉపకరిస్తుంది. మారిన వరుసను మాత్రమే తుడిచి వ్రాయండి. తెర కూడా మినుకుమినుకుమనకుండా నిలకడగా ఉంటుంది.

మూడవ మెట్టు: మీటల సంభాషణ

బాణం మీటలతో మెనూలో పైకి క్రిందికి కదలాలన్న కోరిక తరువాత కలుగుతుంది. సాధారణ స్థితిలో ఎంటర్ నొక్కేవరకు టైపు చేసినది ప్రోగ్రాముకు చేరదు. మీట నొక్కిన తక్షణమే చదవాలంటే, బ్యాష్‌లోని రీడ్‌కు ఒకే అక్షరం చాలునని, దానిని తెరపై చూపవద్దని సూచించాలి. ఇతర షెల్‌లలో ఎస్‌టీటీవై ఆదేశంతో టెర్మినల్ నడవడికనే మార్చాలి.

బాణం మీట ఒక్కటే అయినా అది పంపేది సాధారణంగా మూడు సంకేతాలు: ఎస్కేప్, చదరపు కుండలీకరణం, ఆపై ఎ, బి, సి, డి అనే పెద్ద అక్షరాలలో ఒకటి. ఎ పైకి, బి క్రిందికి, సి కుడికి, డి ఎడమకు. కుండలీకరణానికి బదులు ఓ అనే పెద్ద అక్షరం పంపే స్థితి కూడా కలదు కనుక రెండింటినీ స్వీకరించడం మేలు. ఇక్కడ ఒక సందేహం సహజం. ఆపరేటరు వట్టి ఎస్కేప్ మీట నొక్కితే దానిని బాణానికి ఆరంభంగా పొరబడమా? అందుకే ఎస్కేప్ అందిన తరువాత సెకనులో పదవ వంతు వేచిచూసి, వెంట ఏమీ రాకుంటే అది వట్టి ఎస్కేప్ అని నిర్ణయించాలి. సెకనులో భాగాలను గడువుగా ఇచ్చే సదుపాయం బ్యాష్ నాలుగవ సంచిక నుండి లభ్యమవుతున్నది.

ఇల్లు ఊడ్చి తాళం ఇవ్వడం

తెర నడవడికను మార్చిన ప్రోగ్రాము, వెళ్ళేముందు దానిని యథాస్థితికి తేవాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసేవారు ఊడ్చి తాళం ఇచ్చినట్లన్నమాట. లేనిచో ప్రోగ్రాము ఆగిన తరువాత ఆపరేటరు ఏమి టైపు చేసినా కనిపించదు. గుర్తు మాయమై ఉంటుంది. యంత్రం చెడిపోయినదని భ్రమించి, నడుస్తున్న సర్వరు మీట నొక్కి ఆర్పివేసే ప్రమాదం కూడా ఉన్నది.

ఇందుకు మార్గం సులభం. ఆరంభంలో ఎస్‌టీటీవైని జి అనే సూచికతో పిలిచి ప్రస్తుత స్థితిని ఒక చలరాశిలో దాచుకోవాలి. శుభ్రం చేసే పనులన్నీ ఒక చిన్న ఉపప్రోగ్రాముగా వ్రాసి, ట్రాప్ అనే ఆదేశంతో ‘ఏ కారణంగా ముగిసినా దీనిని నడుపు’ అని షెల్‌కు అప్పగించాలి. ఆపరేటరు కంట్రోల్ సి నొక్కినా, అనుసంధానం తెగినా తెర శుభ్రపడుతుంది. తొమ్మిదవ సంఖ్య సంకేతంతో బలవంతంగా చంపినప్పుడు మాత్రం ట్రాప్‌కు అవకాశం లభించదు. అటువంటప్పుడు కనిపించకపోయినా ఎస్‌టీటీవై సేన్ అని టైపు చేసి, ఎంటర్ పనిచేయనిచో కంట్రోల్ జె నొక్కితే తెర దారికి వస్తుంది. ఈ ఒక్క వాక్యాన్ని ప్రతి కంట్రోల్ గదిలో గోడపై అతికించి ఉంచదగును.

సిద్ధంగా ఉన్న పెట్టెలు

పై పనులన్నీ స్వయంగా చేయనక్కరలేదు. 1990ల ఆరంభం నుండి డైలాగ్ అనే పనిముట్టు వాడుకలో ఉన్నది. ఒకే ఆదేశంతో తెర నడుమ నీడతో కూడిన పెట్టె వెలుస్తుంది. అవును, కాదు అడిగే పెట్టె, మెనూ, టిక్కు పెట్టే జాబితా, రహస్యపదం అడిగే గడి, పని ఎంత శాతం ముగిసినదో చూపే పట్టీ, అన్నీ ఇందులో ఉన్నాయి. దీనికి సోదరి వంటిది విప్‌టెయిల్. లినక్స్ కెర్నల్‌ను కూర్చే అక్షర మెనూ, రాస్ప్‌బెర్రీ పై చిన్న కంప్యూటర్‌ను సవరించే మెనూ ఈ కుటుంబానికి చెందినవే.

డైలాగ్ వాడేవారు ఆదిలో తికమకపడే విషయం ఒకటున్నది. పెట్టెను గీయడానికి అది సాధారణ నిర్గమ మార్గాన్ని వాడుకొంటుంది కనుక, ఆపరేటరు ఎంపికను దోషాల కొరకు ఉద్దేశించిన మార్గంలో పంపుతుంది. ఆ ఎంపికను పట్టుకోవాలంటే మూడవ మార్గం ఒకటి తెరచి, రెండింటినీ అటుదిటు మార్చాలి. చెరువు తూములు మార్చి నీటిని మరొక కాలువకు మళ్ళించే రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు.

ఇక డైలాగ్ వెళ్ళిపోతూ ఒక సంఖ్యను విడిచిపెడుతుంది. సరే అంటే 0, వద్దు అంటే 1, ఎస్కేప్ నొక్కితే 255. కొందరు 1ని మాత్రమే పరీక్షించి, మిగిలినదంతా అంగీకారమని భావిస్తారు. ఇది మిక్కిలి అపాయకరం. 0 వస్తేనే ముందుకు సాగాలి, మరేది వచ్చినా ఆగాలి. చెరిపివేత వంటి పనులకు ముందు అడిగే పెట్టెలో ‘కాదు’ అన్నదే మొదట వెలిగేటట్లు అమర్చే డిఫాల్ట్‌నో అనే సూచిక కూడా కలదు. నిద్రమత్తులో ఎంటర్ నొక్కిన చేతిని అది కాపాడుతుంది.

కాగితంపై లేని విషయం

ఈ విద్య విలువ మాకు స్పష్టంగా తెలిసినది మా విభాగంలో స్టోర్సు లెక్కల రాత్రి నకలు తీసే పనిలో. ఆ పనిని ఏళ్ళ తరబడి నిర్వహించిన సీనియర్ ఆపరేటరు ఒకరు పదవీ విరమణకు చేరువయ్యారు. ఆయన బల్లపై, ప్లాస్టిక్ తొడుగులో, 11 ఆదేశాలు వ్రాసిన కాగితం ఉండేది. కొత్తవారికి ఆ కాగితం అందిస్తే చాలునని అందరూ భావించారు. ఆ 11 ఆదేశాలను మెనూగా మార్చడానికి ఆయన ప్రక్కన మూడు సాయంత్రాలు కూర్చున్నాము.

మొదటి సాయంత్రం ఆయన పని చేస్తుండగా గమనించాము. నాలుగవ ఆదేశానికి ముందు ఆయన టేపును చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, యంత్రంలో పెట్టారు. ఏమి చూశారని అడిగితే, “రంగు చుక్క చూశాను సార్” అన్నారు. వారానికి ఒక రంగు. క్రిందటి వారం టేపు పొరపాటున పెడితే దానిపైనే కొత్త నకలు పడుతుంది, పాతది పోతుంది. ఏడవ ఆదేశం తరువాత ఆయన ఊరకే కొంతసేపు ఆగారు. టేపు చప్పుడు మారేవరకు వేచి ఉండడం ఆయనకు అలవాటు. అవేవీ కాగితంపై లేవు. “కాగితంలో ఉన్నది సగమే సార్. మిగతాది చెయ్యి చూసుకుంటుంది” అని ఆయన నవ్వారు.

మెనూకు ప్రశ్నలు కూర్చే పని తరువాతి రెండు సాయంత్రాలూ ఆయనదే అయినది. ‘ప్రక్రియను ఆరంభించవలెనా’ వంటి ప్రశ్న ఆయనకు నచ్చలేదు. రాత్రి రెండు గంటలకు ఆ ప్రశ్న చదివినవారు ఎవరైనా అవుననే అంటారని ఆయన వాదన. “టేపు మీద ఏ రంగు చుక్క ఉంది?” అని అడగమన్నారు. అప్పుడు మనిషి టేపును చేతిలోకి తీసుకొని చూడక తప్పదు. అలాగే అమర్చాము. నాలుగు రంగులు చూపే మెనూ, ఆ వారం రంగుతో సరిపోల్చే పరీక్ష, సరిపోకుంటే ముందుకు సాగని తలుపు. చప్పుడుకు బదులు, టేపు పని ముగిసేవరకు కదిలే శాతం పట్టీ. ఇద్దరు ఒకేసారి అదే పని మొదలుపెట్టకుండా ఫ్లాక్ అనే ఆదేశంతో ఒక తాళం. ఎవరు, ఎప్పుడు, ఏమి ఎంచుకున్నారో లాగర్ ఆదేశంతో చిట్టా.

ఆయన విరమణ తరువాత కొత్తగా చేరిన ఒక అమ్మాయి రాత్రి షిఫ్టులో ఆ పని స్వీకరించినది. ఒక రాత్రి చిట్టాలో ‘రంగు ప్రశ్న వద్ద ఎస్కేప్, పని ఆగినది’ అన్న వరుస, ఆరు నిమిషాల తరువాత సరైన రంగుతో మళ్ళీ మొదలైన వరుస కనిపించినవి. బీరువాలో టేపులు తారుమారై ఉన్నాయట. చుక్క చూసి అనుమానం కలిగి, ఏమి చేయాలో తోచక ఎస్కేప్ నొక్కి, వెళ్ళి వెదకి తెచ్చినదట. ఆ చిట్టా కాగితాన్ని విరమణ పొందిన ఆపరేటరుగారికి చూపితే, ఆయన చాలాసేపు దానిని చదువుతూ ఉండిపోయారు.

తెలుగు అక్షరాల చిక్కు

ప్రశ్న ఆపరేటరు భాషలో ఉండాలన్నప్పుడు తెలుగులో ఎందుకు ఉండరాదు? తప్పక ఉండవచ్చును. అయితే అక్షరాల తెర గడుల చదరంగం. ఇంగ్లీషులో ఒక అక్షరం, ఒక గడి, ఒక బైటు. తెలుగు ఈ లెక్కకు లొంగదు. ‘తెలుగు’ అన్న పదం మన లెక్కలో మూడు అక్షరాలు. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు, యూటీఎఫ్ 8 పద్ధతిలో 18 బైట్లు. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం, యంత్రానికి అదీ ఆరు సంకేతాలే, 18 బైట్లే. తెరపై ఎన్ని గడులు పడతాయన్నది టెర్మినల్ ప్రోగ్రామును బట్టి, అక్షరరూపాలను బట్టి మారుతుంది. కొన్ని షెల్‌లలో ప్రింట్‌ఎఫ్ వెడల్పును బైట్లలో లెక్కిస్తుంది కనుక పట్టికలోని గీతలు మెట్లుమెట్లుగా వంకరపోతాయి.

భారతీయ భాషలను అక్షరాల తెరపై నిలిపే ప్రయత్నం మన దేశంలో చాలాకాలం క్రితమే జరిగినది. ఐఐటీ కాన్పూర్‌లో అంకురించి, పుణేలోని సీడాక్‌లో వికసించిన జిస్ట్ సాంకేతికత ఈ కోవకు చెందినది. ఇస్కీ సంకేత పద్ధతిని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా ప్రకటించినది. నేడు ఆ స్థానాన్ని యూనికోడ్ ఆక్రమించినది. కాని గడుల చిక్కు పూర్తిగా తీరలేదు. లినక్స్ వట్టి కన్సోల్‌లో గరిష్ఠంగా 512 అక్షరరూపాలకే చోటున్నది, ఒత్తులను కూర్చే యంత్రాంగం లేదు. అక్కడ తెలుగు ఆశించరాదు. కిటికీలో నడిచే టెర్మినల్ ప్రోగ్రాములలో కొన్ని ఒత్తులను చక్కగా చూపుతాయి, కొన్ని విడగొడతాయి. ముందుగా పరీక్షించి ఎంచుకోవాలి.

మేము పాటించే ఉపాయాలు మూడు. అంకెలు, కోడ్ సంఖ్యలు ఎడమవైపు, తెలుగు మాటలు వరుసకు కుడి చివర ఉంచుతాము. తెలుగు మాట తరువాత ఏదైనా రావలసి ఉంటే ఖాళీలతో జరపకుండా, టీపుట్ కప్‌తో ఖచ్చితమైన గడికి గుర్తును తీసుకుపోయి అక్కడ వ్రాస్తాము. తెలుగు మాటల కుడివైపు నిలువు గీత గీయము. ఈ మూడింటితో తెర చూడముచ్చటగా కాకపోయినా, చదవడానికి అనువుగా నిలుస్తుంది.

భద్రత

మెనూ ఉన్నంత మాత్రాన ఆపరేటరు మెనూలోనే ఉంటారని నమ్మరాదు. మెనూ నుండి ఒక ఫైలు చూపడానికి లెస్ ప్రోగ్రామును పిలిస్తే, అందులో ఆశ్చర్యార్థకం టైపు చేసి షెల్‌లోకి దిగవచ్చును. లెస్‌సెక్యూర్ అనే చలరాశికి 1 విలువ ఇస్తే ఆ దారి మూసుకొంటుంది. వీఐ వంటి సంపాదకాలకూ ఇటువంటి ద్వారాలున్నాయి. అసలు రక్షణ మాత్రం వ్యవస్థ అనుమతులలోనే ఉండాలి. ఆపరేటరు ఖాతాకు అవసరమైన ఫైళ్ళపై మాత్రమే అధికారం ఇవ్వాలి. ఫైళ్ళు చెరిపే వరుసలో డైరెక్టరీ పేరు గల చలరాశి ఖాళీగా ఉంటే ఏమవుతుందో వ్రాసేటప్పుడే ఆలోచించాలి. ఖాళీ అయితే ఆగిపొమ్మని చెప్పే ప్రశ్నార్థక రూపం షెల్‌లోనే ఉన్నది. వ్రాసిన స్క్రిప్టును షెల్‌చెక్ అనే ఉచిత పరీక్షకునికి చూపితే, ఉద్ధరణ చిహ్నాలు మరచినచోట్లు అదే ఎత్తిచూపుతుంది.

నేర్చుకునే క్రమం

ఉత్సాహవంతులకు ఒక క్రమాన్ని సూచిస్తాము. మొదటి వారం రీడ్, కేస్‌లతో మీటరు రీడింగు మెనూ. రెండవ వారం దానికే టీపుట్‌తో స్థానాలు. మూడవ వారం ట్రాప్. నాలుగవ వారం డైలాగ్. బాణం మీటల పనిని చివరకు ఉంచుకోవచ్చును, అది లేకున్నా పని ఆగదు. లినక్స్ యంత్రం లేనివారు విండోస్‌లోనే 2016 నుండి లభిస్తున్న లినక్స్ ఉపవ్యవస్థలో అభ్యసించవచ్చును.

అయితే తెర గీయడానికి ముందు, ఆ పని రోజూ చేసేవారి ప్రక్కన కూర్చొని చూడండి. వారి చెయ్యి ఎక్కడ ఆగుతున్నదో, కన్ను దేనికొరకు వెదుకుతున్నదో కాగితంపై గుర్తుంచుకోండి. మెనూలోని ప్రశ్నలు అక్కడినుండే రావాలి. మన సంస్థలలో ప్రతి సంవత్సరం అనుభవజ్ఞులు విరమణ పొందుతూనే ఉంటారు. వారితోపాటు ఇంటికి పోకుండా మిగుల్చుకోవలసిన విషయాలు ప్రతి విభాగంలోనూ ఉన్నాయి. ఈ సంవత్సరం విరమించనున్న వారెవరో తెలుసుకొని, ఒక సాయంత్రం వారి బల్ల ప్రక్కన కుర్చీ వేసుకోవలసిందిగా మా సహోద్యోగులను కోరుతున్నాము.